మూడు ఆసుపత్రుల మందుల లెక్క ఒకచోట చేర్చండి

గౌరవనీయులైన వైద్య విద్య సంచాలకుల వారికి,

నేను కర్నూలులో ఫార్మసిస్టును. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కొందరి కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఎవరికి, ఎన్నో రోజున? మందు వివరం మా ఇండెంటులో (వార్డు నుంచి మందులు కోరే చీటీలో), కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఫలితం ల్యాబులో, రెండూ కలవవు. గతంలో నేను పనిచేసినచోట ఓ పెద్దాయనకు డోసు తగ్గించాలని మూడు రోజులకుగానీ తెలియలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

అరుదైన దుష్ప్రభావం ఒక్క ఆసుపత్రి లెక్కల్లో దొరకదు. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల ఇన్‌పేషెంట్ల మందుల వివరాలు, పేర్లు తీసేసి కలిపితే దొరకవచ్చు. 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా) కార్యక్రమానికి ఎవరైనా గమనించి రాస్తేనే ఫారం వెళ్తుంది. మొత్తం ఎందరికి ఆ మందు ఇచ్చామో అందులో ఉండదు. ఆ లెక్క మా దగ్గరే ఉంది సార్.

ఎథిక్స్ కమిటీల అనుమతితో, ముందు యాంటీబయాటిక్స్‌తోనైనా మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక ఆసుపత్రి ఫార్మసిస్టు, కర్నూలు