జింక కనబడలేదంటే కొండ ఖాళీ అని కాదు

సంపాదకులు గారికి, నమస్కారం.

చలి మొదలవగానే శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల నుంచి కెమెరాలు, బైనాక్యులర్లు తీసుకుని కొండలకు వెళ్లే యువకులు కనిపిస్తున్నారు. మందస వైపు మహేంద్రగిరి వాలులకు, మెళియాపుట్టి, పాతపట్నం కొండలకు, శృంగవరపుకోట దాటి అనంతగిరి అంచులకు, తాటిపూడి జలాశయం అవతలికి పోతున్నారు. ఇది సంతోషించాల్సిన మార్పు. అయితే రెండు మూడు సీజన్లు తిరిగినా ఒక్క దుప్పి కంటబడకపోయేసరికి "ఈ కొండల్లో ఏమీ మిగల్లేదండీ" అని తేల్చేస్తున్నారు. ఈ మాట టీ కొట్టు దగ్గరే ఆగిపోతే ఇబ్బంది లేదు. టెక్కలి నీలం గ్రానైట్‌కు పేరుపడ్డ జిల్లా మనది. రేపు ఏ కొండ మీదైనా క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, "ఇక్కడ వన్యప్రాణులు లేవు" అన్న ఒక్క వాక్యానికి ఎదురు చెప్పడానికి మన దగ్గర కాగితం ముక్క ఉండాలి. తిరిగి తిరిగి ఖాళీగా వచ్చినవాళ్ల దగ్గర ఆ కాగితం తయారయ్యే అవకాశం ఉంది. తిరిగిన పద్ధతి సరిగ్గా లేకపోవడం వల్ల అది తయారు కావడం లేదు.

ముందుగా ఒక మాట. మేము చెప్పే వెతుకులాట కంటితో చూడడానికే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. చంపడం మాత్రమే కాదు, ఉచ్చు పన్నడం, తరమడం, ఎర వేయడం కూడా ఆ చట్టం నిర్వచనంలో వేటే. అందుచేత ఫొటో కోసం ఉప్పురాళ్లు, బెల్లం పెట్టే పని ఎవరూ చేయకూడదు. రిజర్వు అడవిలో అడుగుపెట్టాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాల్సిందే.

ఖాళీగా తిరిగి రావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం గాలి. తీరం వాళ్లకు తెలిసిన గాలి వేరు. అది తెల్లవారి నేల మీద నుంచి సముద్రానికి, మధ్యాహ్నం సముద్రం మీద నుంచి నేలకు వీస్తుంది. కొండ మడతల్లో ఆ లెక్క చెల్లదు. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి వేకువజామున గెడ్డ (కొండవాగు) వెంట కిందికి జారుతుంది. వాలు మీద ఎండ పడి రాయి వేడెక్కాక, సుమారు ఎనిమిది తొమ్మిది గంటల మధ్య, తిరగబడి పైకి ఎక్కుతుంది. కాబట్టి వేకువన మనిషి జింకకు దిగువన ఉండాలి, ఎండెక్కాక ఎగువన ఉండాలి. కొత్తవాళ్లు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. చీకటితో శిఖరం ఎక్కి కూర్చుంటారు, వాళ్ల వాసన లోయంతా పరుచుకుంటుంది. తొమ్మిదింటికి దిగడం మొదలుపెట్టి లోయ అడుగున తిరుగుతారు, అప్పుడు వాసన పైకి ఎక్కుతుంది. గాలి తిరగబడే ఆ అరగంటలో అది ఏ దిక్కునా నిలవదు, అప్పుడు కదలకుండా కూర్చోవడమే మేలు. పల్చటి నూలు గుడ్డలో గుప్పెడు పొయ్యి బూడిద మూటగట్టి పావుగంటకోసారి తట్టి చూస్తే గాలి ఎటు పోతోందో కళ్లకు కడుతుంది. ఫోన్లో యాప్ చూపించే గాలి దిశ విశాలమైన ప్రాంతానికి వేసిన అంచనా. దాన్ని నమ్ముకుని లోయలో కూర్చోవద్దు.

నడక విషయానికి వస్తే, అడవిలో గంటకు మూడు కిలోమీటర్లు నడిచే మనిషికి జింక కనబడదు, ఆ మనిషే జింకకు కనబడతాడు. పది పన్నెండు అడుగులు వేసి రెండు నిమిషాలు నిలబడాలి. గంటకు కిలోమీటరు దాటితే వేగం ఎక్కువైనట్టే. పూర్తి జింక కోసం వెతకకూడదు. నిలువు చెట్ల మధ్య అడ్డంగా ఉన్న ఒక గీత, ఆడే చెవి, తోక కింద తెలుపు, వీటి కోసం చూడాలి. జింక జాతికి ఎరుపు, నారింజ రంగులు పచ్చదనంలో కలిసిపోయి కనిపిస్తాయి, నీలం మాత్రం బాగా తెలుస్తుంది. నీలిమందు పెట్టిన తెల్ల చొక్కా, నీలం జీన్సు రెండూ చేటే. గరగరలాడే రెయిన్ కోటు కన్నా ఉతికి వెలిసిన నూలు బట్టలు నయం. ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపే 8×42 బైనాక్యులర్ చాలు. అంతకన్నా శక్తిమంతమైనదైతే చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది.

సమయం కూడా పట్టణం అలవాటు ప్రకారం చూసుకుంటున్నారు. మన దగ్గర డిసెంబరు నడుమ సూర్యోదయం ఉదయం 6:20 ప్రాంతంలో, మే ఆఖరులో 5:20 లోపే. వెలుగు రాకముందే కూర్చునే చోటు చేరి ఉండాలంటే చలికాలంలో అయిదున్నరకు, వేసవిలో నాలుగున్నరకు అక్కడ ఉండాలి. ఏడింటికి బైకు దిగేవాళ్లకు దొరికేది మేకల మంద మాత్రమే. కానీ ఆ చీకట్లో ఒంటరిగా నడవవద్దు. మందస, వజ్రపుకొత్తూరు జీడి తోటల్లో ఎలుగుబంట్లు, కొత్తూరు, సీతంపేట వైపు ఏనుగులు తిరుగుతాయి. దారి తెలిసిన ఊరి మనిషి తోడు ఉండాలి, అతని రోజు కూలి ఇచ్చి తీసుకెళ్లాలి.

కొత్త కొండలో ఎక్కువమంది కాలిబాటల వెంట వెతుకుతారు. బాట వదిలి ఆ నెలలో నేల మీద ఏ తిండి రాలుతోందో దాని వెంట వెళ్లాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉసిరి, తాని, రేగు చెట్ల కింద. ఆ తరువాత బూరుగు పూలు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు. జూన్‌లో నేరేడు. ఊరికి దగ్గరగా ఉన్న ఇప్ప చెట్ల దగ్గరికి తెల్లవారకముందే బుట్టలతో మనుషులు వచ్చేస్తారు, అక్కడ కాపు కాసి లాభం లేదు. దూరంగా, ఎవరూ ఏరని చెట్లు చూసుకోవాలి. పూలు ఏరుకోవడానికి ఆకులు తగలబెట్టిన చోట కొద్ది వారాలకు లేత గడ్డి మొలిస్తే చుక్కల దుప్పులు దాని మీదకు వస్తాయి. వదిలేసిన పోడులో చిగుళ్లకు, కొండ వాలు చోడి (రాగి), కంది చేల అంచులకు కూడా వస్తాయి. కొండముచ్చులు మేస్తున్న చెట్టు కింద తప్పక చూడాలి. అవి కొరికి పారేసే ఆకులు, కాయల కోసం దుప్పులు కిందకి చేరడం మామూలే. కొండచీపుళ్లు కోసే రోజుల్లో, అనంతగిరి వైపు చైత్రంలో ఇటుకల పండగ రోజుల్లో కొండ నిండా మనుషులుంటారు. ఆ రోజుల్లో వెళ్లి ఖాళీగా వస్తే దాన్ని లెక్కలో వేయకూడదు.

కణితి (సాంబర్ జింక) సంగతి వేరు. పెద్ద జంతువే గానీ పగలు వాలు మీద దట్టమైన పొదల్లో పడుకుని చీకటి పడ్డాక దిగుతుంది. మనుషులు తరిమిన కొండలో అయితే మరీను. దాన్ని కళ్లతో చూడాలని పట్టుబట్టినవాళ్లు ఏళ్ల తరబడి నిరాశపడతారు. దాని అరుపు, అడుగు, పెంటికలు చాలు. కుక్కలా మొరిగే చిన్న జింక కూడా అంతే, పొదలోంచి నిమిషాల తరబడి మొరుగుతుంది, చూద్దామంటే కనబడదు.

ఆనవాళ్లు గుర్తించడంలో మన కొండల్లో పెద్ద చిక్కు మేకలు. జింక పెంటికకు ఎక్కువగా ఒక కొన మొనదేలి, రెండో కొన గుండ్రంగానో కాస్త గుంటగానో ఉంటుంది. మేకది రెండు కొనలూ మొద్దుగా ఉంటుంది. చెవులపిల్లిది గుండ్రంగా నొక్కినట్టు ఉండి లోపల ఎండుగడ్డి పీచులా కనిపిస్తుంది. అయినా ఒక్క పెంటిక చూసి తేల్చకూడదు, కుప్పంతా చూడాలి. ఆ వాలు మీదకు మేకలు వస్తాయా అని ముందే కాపరిని అడగాలి. విరిచి చూస్తే లోపల పచ్చగా తడిగా ఉన్నది కొత్తది. గెడ్డ పక్క తడి ఇసుకలో అడుగు చూసేటప్పుడు, జింకది మొనదేలి సన్నగా ఉంటుంది, మేకది మొద్దుగా, వేళ్లు విడిపోయి ఉంటుంది. పందిది వెడల్పుగా ఉండి వెనక పక్క గిట్టల చుక్కలు కూడా పడతాయి. అంచులు చెదిరి, లోపల ఎండాకు రాలి ఉంటే పాతది. వర్షాకాలంలో వాన, పేడపురుగులు పెంటికల్ని తొందరగా మాయం చేస్తాయి. ఆగస్టులో ఆనవాళ్లు లేవని రాసుకుంటే దానికి అర్థం లేదు.

ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి. జింకలు ఉన్న లోయలోనే, ఒకసారి వెళ్తే కంటబడే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. పదిసార్లు వెళ్లి పదిసార్లూ ఖాళీగా రావడానికి ఇంకా నూటికి 35 పాళ్లు అవకాశం ఉంటుంది. ఇరవైసార్లకు 12, ముప్పైసార్లకు నాలుగు. అదే పెంటికల కోసం పద్ధతిగా వెతికి, ఉన్నవి దొరికే అవకాశం సగానికి సగం ఉందనుకుంటే, అయిదుసార్లు ఖాళీ వస్తే చాలు, మిగిలే అనుమానం నూటికి మూడే. ఒకే లోయకు మళ్లీ మళ్లీ వెళ్లకుండా ప్రతి ఆదివారం కొత్త కొండ ఎక్కే అలవాటు వల్ల ఏ కొండ మీదా ఏమీ రుజువు కాదు. నాలుగైదు చదరపు కిలోమీటర్ల ఒక లోయను పట్టుకుని మూడు కాలాల్లోనూ అదే దారిన తిరగాలి.

పద్ధతి కష్టం కాదు. పులుల గణనలో అటవీ సిబ్బంది గిట్టల జంతువుల కోసం రెండు కిలోమీటర్ల తిన్నని దారిలో నడుస్తూ, ప్రతి 400 మీటర్లకు 20 మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు పట్టీలో పెంటికలు లెక్కిస్తారు. మనకు 20 మీటర్ల తాడు, రెండు మీటర్ల కర్ర చాలు. అయిదు పట్టీలు కలిపితే 200 చదరపు మీటర్లు. లెక్కించాక పట్టీ శుభ్రం చేసి ముప్పై రోజులకు మళ్లీ చూస్తే ఆ నెలలో పడ్డవి మాత్రమే తెలుస్తాయి. పుస్తకంలో తేదీ, మొదలు, ముగింపు గంటలు, గాలి, మేకలు మనుషులు కనబడ్డారా, పట్టీవారీగా సంఖ్య రాయాలి. సున్నా వస్తే సున్నా రాయాలి. గడి ఖాళీగా వదిలితే వెళ్లలేదో, వెళ్లి చూసినా దొరకలేదో తరువాత ఎవరికీ తెలియదు.

ట్రాప్ కెమెరాలు (జంతువు ముందుకు రాగానే సెన్సార్‌తో తమంతట తామే ఫొటో తీసేవి) పెట్టేవాళ్లు అనుమతి తీసుకున్నాక మోకాలి ఎత్తున, ఉత్తరానికో దక్షిణానికో ముఖం పెట్టి కట్టాలి. తూర్పు పడమరలకు పెడితే ఎండకు వృథా ఫొటోలు నిండుతాయి. ముందున్న గడ్డి కోయాలి. ఆ సెన్సార్ ఒంటి వేడికీ పరిసరాల వేడికీ ఉన్న తేడాను పట్టుకుంటుంది. మే మధ్యాహ్నం రాయి కూడా ఒంటి వేడితో సమానంగా కాలుతుంటే జంతువు ముందు నుంచి పోయినా తెలియదు.

వేసవిలో నీటి చెలమ దగ్గర కూర్చునేవాళ్లకు గట్టిగా చెబుతున్నాం. చుట్టుపక్కల అదొక్కటే నీరైతే అక్కడ కూర్చోవద్దు, మనిషి వాసనకు జంతువులు దాహంతోనే వెనక్కి పోతాయి. మరో నీరు ఉన్నచోట కూడా అరవై డెబ్బై మీటర్ల దూరంలో, గాలి మనవైపు వీచే పక్కన ఉండాలి. అక్కడ ఉచ్చు కనబడితే ఫొటో, స్థానం తీసుకుని బీట్ అధికారికి చెప్పాలి. పొలం గట్టున పందుల కోసం వేసిన కరెంటు తీగ అయితే కర్రతో కూడా ముట్టుకోకుండా కరెంటు వాళ్ల నంబరు 1912కు ఫోన్ చేయాలి. ఫొటోల్లో లొకేషన్ తీసేయకుండా ఇంటర్నెట్లో పెట్టడం వేటగాడికి దారి చూపించడమే.

సవర, జాతాపు గిరిజన రైతుల్ని అడిగే తీరు కూడా మారాలి. కెమెరాతో వచ్చిన కొత్త మనిషి "జింకలున్నాయా?" అంటే, అధికారి అనుకుని "లేవు బాబూ" అంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. "ఈ ఏడు కంది చేను ఏది తింది, ఏ గెడ్డ పక్క, ఎప్పుడు?" అని అడిగితే చేను నష్టపోయిన మనిషి వివరంగా చెబుతాడు. ఆ నష్టానికి పరిహారం దరఖాస్తు రాయడంలో సాయపడితే ఇంకా మంచిది.

అటవీ శాఖ వారికి మా విన్నపం: ప్రతి రేంజిలో కనీసం ఒక లోయను స్వచ్ఛంద పరిశీలకులకు కేటాయించి, గిరిజన యువతను కూలి ఇచ్చి మార్గదర్శులుగా పెట్టి, సిబ్బంది సమక్షంలో పై పద్ధతిలో లెక్క జరిపించండి. కచ్చితమైన స్థలం చెప్పకుండా మండలం వరకే ఫలితాలు ప్రకటించండి, సున్నాలతో సహా. మీ పత్రిక జిల్లా పేజీలో నెలకోసారి ఆ పట్టికకు చోటివ్వమని సంపాదకులు గారిని కోరుతున్నాం. వానలు వెనకబట్టి పెంటికలు నిలిచే డిసెంబరులో మొదలుపెడితే, కొండలకు నిప్పు పెట్టే రోజులు రాకముందే, ఫిబ్రవరి ఆఖరుకు తొలి విడత పూర్తవుతుంది.

ఇట్లు,
కొందరు ప్రకృతి పరిశీలకులు,
శ్రీకాకుళం