రెండో సీసా

తాడేపల్లిగూడెం,
ఆదివారం

అమ్మలూ,

ఇక్కడ అందరం కులాసా. ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వకు. నిన్న మనం మాట్లాడింది 1 నిమిషం 12 సెకన్లు, ఫోనే చూపిస్తోంది. అందులో సగం మామ్మ మోకాళ్ళకే పోయింది. మిగతా సగంలో "బానే ఉన్నా నాన్నా" అని మూడుసార్లన్నావు. కాగితాన్నయితే "ఉంటా మరి" అని పెట్టేయలేవు కదా, అందుకని డబ్బాలో ఇది పెడుతున్నాను.

వానలు తగ్గాయి. కొబ్బరికాయలు దింపించాం. బుజ్జిగాడు నీ సైకిలు చైను రెండోసారి తెగ్గొట్టాడు. రావులపాలెం బాబాయి మళ్ళీ ఆ స్థలం మాటెత్తాడు, మీ అమ్మ మళ్ళీ మూతి ముడిచింది. మెస్సులో అన్నం ఎలా ఉంటోంది? పలుకా, మెత్తనా?

ఊరికే అడిగాను.

సరే, దాచడమెందుకు. తణుకు అత్తయ్య వాళ్ళ పక్కింటమ్మాయి మీ హాస్టల్లోనే సీనియరట. మెస్సు మూసేసే వేళకి వచ్చి, గోడవైపు తిరిగి నాలుగు ముద్దలు తిని వెళ్ళిపోతావనీ, కొన్ని రాత్రులు అసలు రావనీ చెప్పిందట. ఆ అమ్మాయి మీద కోపం పెట్టుకోకు, మంచికే చెప్పింది. మీ అమ్మకి నేను చెప్పలేదు. చెబితే రేపు పొద్దున్నే గౌతమి దిగి లింగంపల్లిలో నిలబడుతుంది.

చేరిన రోజు గుర్తుందా? ర్యాగింగ్ చెయ్యనని నువ్వూ, మా అమ్మాయి చెయ్యదని నేనూ సంతకాలు పెట్టాం. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. పక్కింటికెళ్ళి కరివేపాకు అడగడానికి గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చేసే పిల్ల ఎవర్ని ర్యాగింగ్ చేస్తుంది! బస్సెక్కాక మాత్రం ఆ నవ్వు రాలేదు. ఈ బెరుకు నీకు మీ అమ్మ దగ్గర్నుంచి రాలేదు, అది నీకూ తెలుసు.

1998లో నాకు కండక్టరుగా మొదటి డ్యూటీ, గణపవరం మీదుగా భీమవరం. అప్పట్లో ఈ మిషన్లు లేవు. చంకలో టికెట్ల ట్రే, చేతిలో పంచ్. చిల్లర లెక్కంటే నాకు భయం లేదు, లెక్కలు బాగానే వచ్చు. నోరే పెగల్లేదు. బస్సు నిండా జనం, అందరూ నా మొహమే చూస్తున్నట్టుంది. "టికెట్, టికెట్" అని గట్టిగా అనాలి కదా, నేను ఒక్కొక్కరి పక్కనా నిలబడి వాళ్ళే చూసి డబ్బులిచ్చేదాకా ఆగాను. పిప్పర వచ్చింది. ఊరి పేరు పిలవాలి. "పిప్పర" అన్నాననే అనుకున్నాను, నాకే వినపడలేదు. కోళ్ళగంపతో ఒక ముసలావిడ వెనక సీట్లో కునుకు తీస్తోంది. పోతూ పోతూ గణపవరంలో లేచింది. ఇంక చూడు! "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా అయ్యా?" అని గంప నెత్తి మీదికెత్తుకుని మరీ తిట్టింది. బస్సంతా నవ్వు. కోళ్ళు కూడా నవ్వినట్టే అనిపించింది. ఆవిడ తిరుగు బస్సుకి నా జేబులోంచే ఇచ్చాను, ఆ డబ్బు కూడా విసురుగానే తీసుకుంది. భీమవరంలో టీ తాగకుండా బస్సు వెనక నిలబడ్డాను. ఉద్యోగం వద్దని తాతయ్యకి ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాను. డ్రైవరు, నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్ద, టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాడు. "నోరు రాకపోతే పోనీ, చేతిలో పంచ్ ఉందిగా? కడ్డీ మీద కొట్టు. వాళ్ళే తల తిప్పుతారు" అన్నాడు. అంతే. తిరుగు ట్రిప్పులో టకటకా కొట్టాను, తలలు తిరిగాయి, తిరిగిన వాళ్ళకి ఊరి పేరు మామూలుగా చెప్పాను. ఎంతకాలం కొట్టానో లెక్కలేదు. ఇప్పుడు నేను "హోల్డాన్" అంటే వీధి చివర మేకలు కూడా ఆగుతాయని మీ అమ్మ వెక్కిరింత.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఏం లేదు, పొద్దుపోక.

మీ యూనివర్సిటీ మొదలైంది 1974లోనట, నేను పుట్టిందీ ఆ ఏడే. ముందు ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు గారి ఇంట్లో, గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచి, తర్వాత గచ్చిబౌలి రాళ్ళ మధ్యకి వెళ్ళిందట. అంత పెద్ద యూనివర్సిటీకే కుదురుకోవడానికి టైం పట్టిందంటే, వచ్చి రెండు నెలలు కాని నీకు పట్టదా? క్లాసులో రెండో వరసలో కూర్చో. ఇంగ్లీషులో అడగాల్సింది ముందు నోట్సు అంచున రాసుకో, చూసి చదివినా తప్పులేదు. సీనియర్లని అక్కా అని పిలిస్తే ఎవరూ కరవరు. ల్యాబులో కళ్ళద్దాలు తియ్యకు, జుట్టు ముడేసుకో. రాత్రుళ్ళు తలుపు గడియ... చూశావా, మళ్ళీ మొదలెట్టాను. మీ అమ్మ వంటింట్లోంచే "చాలు" అంటోంది.

డబ్బాలో సున్నుండలున్నాయి, చీమలు పట్టకుండా చూడు. ఆవకాయ సీసాలు రెండు. చిన్నది నీ గదిలో ఉంచుకో. రెండోది, పెద్దది, మెస్సుకి పట్టుకెళ్ళు. టేబుల్ మధ్యలో పెట్టి మూత తియ్యి, అంతే. మూత తీస్తే ఆ వాసనకి వాళ్ళే అడుగుతారు. కేరళ పిల్లలూ ఒరియా పిల్లలూ ఉన్నారన్నావు కదా, కారం ఎక్కువని ముందే చెప్పు, పాపం. "మా మామ్మ పెట్టింది" అన్న మాట ఒక్కటి వచ్చినా చాలు. అదీ రాకపోతే స్పూనుతో సీసా మీద కొట్టు.

గదిలో బిస్కెట్లతో పడుకోవద్దు. నెమళ్ళు కిటికీ దాకా వస్తాయన్నావు, వాటికి కూడా బిస్కెట్లు పెట్టకు.

సంక్రాంతికి రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తారు, నవంబరులో నేనే చూస్తాను. కింద బెర్తు తీసుకుంటాలే. వచ్చేటప్పుడు పెద్ద సీసా ఖాళీగా తీసుకురా. ఎర్ర మూత మామ్మ పాత హార్లిక్స్ సీసాది, పోతే నన్నే అంటుంది.

మీ నాన్న

మర్చిపోయాను: అన్నం పలుకా, మెత్తనా?