గడియారం పాఠం తీరు మారాలి

సంపాదకులకు,

అయ్యా,

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 విద్యాసంవత్సరం నుంచి ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టాక, ఇంట్లో ఇంగ్లీషు మాట వినని పిల్లలు కూడా చిన్న తరగతుల్లోనే గడియారం చూసి ఇంగ్లీషులో సమయం చెప్పవలసి వస్తోంది. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిగా ఈ ఒక్క పాఠం గురించి తోటి ఉపాధ్యాయులకూ, పాఠ్యపుస్తకాలు రూపొందించేవారికీ మీ పత్రిక ద్వారా కొన్ని విషయాలు మనవి చేయదలచాను.

చాలా తరగతుల్లో ‘క్వార్టర్ పాస్ట్’, ‘హాఫ్ పాస్ట్’, ‘క్వార్టర్ టు’ మూడింటినీ ఒకే రోజు నల్లబల్ల మీద రాసి వల్లె వేయిస్తారు. పిల్లలు తడబడితే ఇంగ్లీషు రాలేదనుకుంటాం గానీ, తరచుగా వారికి రానిది గడియారం. ఐదూ యాభైకి చిన్నముల్లు దాదాపు ఆరు దగ్గరికి చేరుతుంది కనుక వారు ‘సిక్స్ ఫిఫ్టీ’ అంటారు. తెలుగులో అడిగినా ‘ఆరూ యాభై’ అనే చెబుతారు. మనం చేసే అట్టగడియారానికీ ఇందులో పాలుంది. దానిలో రెండు ముళ్లూ దేనికది తిరుగుతాయి కాబట్టి, ఐదున్నర చూపించేటప్పుడు చిన్నముల్లును సరిగ్గా ఐదు మీదే వదిలేస్తాం. అసలు గడియారంలో అది ఐదుకూ ఆరుకూ నడుమ ఉంటుంది. మూలపడిన గోడగడియారం ఒకటి తెచ్చి, బ్యాటరీ తీసేసి, వెనకనున్న చిన్న చక్రాన్ని పిల్లల చేతనే మెల్లగా తిప్పిస్తే, పెద్దముల్లు ఒక చుట్టు తిరిగేలోగా చిన్నముల్లు ఒక అంకె నుంచి పక్క అంకెకు జరగడం వారు కళ్లారా చూస్తారు. ఐదో ఎక్కం వచ్చినవారు పెద్దముల్లు నాలుగు మీదుంటే ఇరవై నిమిషాలని తామే లెక్కగడతారు.

ఇంగ్లీషు వంతు ఆ తరువాతే. మొదట ‘ఫైవ్ టెన్’, ‘ఫైవ్ ఫార్టీ’ వంటివి నేర్పాలి. తెలుగులో లాగే ఇక్కడా గంట ముందు, నిమిషాలు వెనక. ఫోనులోనూ, బస్సు వేళల పట్టికలోనూ పిల్లలు చూసే వరస కూడా ఇదే. ఇది తక్కువరకం ఇంగ్లీషని భావించే ఉపాధ్యాయులు ఉన్నారు. అది సరికాదు, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారూ నిత్యం ఇలాగే చెప్పుకుంటారు.

రెండో మెట్టుగా, ‘పాస్ట్’ కంటే ముందు ‘క్వార్టర్ టు’ నేర్పడం మేలని నా అభిప్రాయం. మన ‘పావుతక్కువ ఆరు’కూ ‘క్వార్టర్ టు సిక్స్’కూ కూర్పు ఒకటే: పావు ముందు, రాబోయే గంట తరువాత. ఈ తరం పిల్లల నోట ఈ తెలుగు మాట తగ్గిపోవడం బాధాకరం. ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి తెలుసుకొని రమ్మంటే అదీ వస్తుంది, ఇంగ్లీషుకూ దారి దొరుకుతుంది. ‘టెన్ టు సిక్స్’ దాని వెంటే పట్టుబడుతుంది. తెలుగు వరస తిరగబడేది ‘ఐదుంపావు’ను ‘క్వార్టర్ పాస్ట్ ఫైవ్’ అన్నప్పుడు కనుక, దానికి విడిగా కొన్ని పీరియడ్లు కేటాయించాలి.

రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ ఈ పాఠాన్ని ఒక్క పుటకు కుదించకుండా ఏడాది పొడవునా విడతలుగా అమర్చాలనీ, పరీక్షలో ‘ఫైవ్ ఫార్టీఫైవ్’ అని జవాబిచ్చిన పిల్లలకు కూడా పూర్తి మార్కులు వేయాలని మూల్యాంకన సూచనల్లో స్పష్టంగా చేర్చాలనీ కోరుతున్నాను.

– ఒక ప్రాథమికోపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా