జంట పదాలను వాడుకతో చెప్పండి

సంపాదకులు గారికి,
నమస్కారములు.

పోటీ పరీక్షలకు చదివేవారి కోసం తెలుగు దినపత్రికలు తమ విద్యా పేజీల్లో, ఒకదానికి బదులు మరొకటి వాడి పొరబడే ఇంగ్లీషు జంట పదాల పట్టికలు ప్రచురించడం చాలాకాలంగా ఉన్నదే. బ్యాంకు, గ్రూప్స్, పోలీసు ఉద్యోగాల పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లలు ఆ పట్టికలను కత్తిరించి నోటు పుస్తకాల్లో అంటించుకోవడం, కడపలో డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు బోధించే నేను తరచూ చూస్తుంటాను. ఆ శ్రద్ధకు తగిన ఫలితం వారికి దక్కడం లేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను. పట్టికలో చాలా జంటలకు ఎదురుగా ఒకే తెలుగు మాటో, దానికి పర్యాయపదమో ఉంటుంది. పరీక్షలో ఖాళీ పూరించవలసి వచ్చినప్పుడు అది అక్కరకు రాదు, ఎందుకంటే ఏ మాట ఎక్కడ పొసగుతుందో, ఎక్కడ పొసగదో అది చెప్పదు.

డౌట్, క్వశ్చన్ అనే మాటలనే తీసుకుందాం. పాఠం మధ్యలో విద్యార్థి లేచి "సార్, ఐ హావ్ ఎ డౌట్" అంటే, ఒకచోట అర్థం కాలేదు, మళ్లీ చెప్పమంటున్నాడని మన తరగతి గదిలో అందరికీ తెలుసు. తెలుగులో సందేహమంటే తెలియకపోవడమూ అవుతుంది, నమ్మలేకపోవడమూ అవుతుంది కనుక మనకు ఇందులో ఇబ్బందేమీ తోచదు. ఇంగ్లండు, అమెరికా దేశాల్లో మాత్రం ఆ మాటలో అపనమ్మకం పాలే ఎక్కువ. పైచదువులకు అక్కడికి వెళ్లిన మన విద్యార్థి ఆచార్యుడితో అదే వాక్యం అంటే, తాను చెప్పినది నిజమా కాదా అని శంకిస్తున్నాడని ఆయన అనుకునే వీలుంది. అక్కడ వాడవలసిన మాట క్వశ్చన్. దీనికి ఫ్యూ, ఎ ఫ్యూ తోడైతే చిక్కు మరింత పెరుగుతుంది. "ఐ హావ్ ఎ ఫ్యూ క్వశ్చన్స్" అంటే అడగవలసినవి కొన్ని ఉన్నాయని అర్థం. ముందున్న ఆ చిన్న 'ఎ' జారిపోయిందా, అడగడానికి పెద్దగా ఏమీ లేవని అర్థం వస్తుంది. రెండింటికీ 'కొన్ని' అని రాసి వదిలేసిన పట్టికలు నా కంటపడ్డాయి.

అన్ని జంటలూ ఇంత కష్టపెట్టవు. బారో అంటే అప్పు తీసుకోవడం, లెండ్ అంటే అప్పు ఇవ్వడం అని ఒక్క మాటలో తేలిపోతుంది. ఇంటికి బాడుగ కట్టడానికీ, ఇన్నేళ్లకు ఇంత అని ముందే మాట్లాడుకుని పొలం గుత్తకు తీసుకోవడానికీ తేడా మా సీమ పల్లె పిల్లలకు ఇంటి నుంచే తెలుసు కనుక రెంట్, లీజు వారికి ఇట్టే పట్టుబడతాయి.

విద్యా పేజీకంటే వార్తల పేజీలతోనే నాకు ఎక్కువ పేచీ ఉంది. పిల్లలు పట్టికలో నేర్చుకున్న తేడాను వార్తలే చెరిపేస్తున్నాయి. 'తాళం వేసిన ఇంట్లో భారీ దోపిడీ' వంటి శీర్షికలు తరచుగా కనిపిస్తాయి. యజమాని సమ్మతి లేకుండా దురుద్దేశంతో సొత్తు తీసుకుపోతే థెఫ్ట్. దానికి బలప్రయోగమో, అప్పటికప్పుడు హాని చేస్తామన్న బెదిరింపో తోడైతే రాబరీ. ఆ పనికి ఐదుగురు గాని అంతకు మించి గాని కలిసి పూనుకుంటే డెకాయిటీ. 2024 జూలై 1న ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు సెక్షన్ల అంకెలు మారాయి, గొలుసు లాక్కుపోవడం వంటి వాటికి స్నాచింగ్ అనే వేరే నేరం చేరింది, కానీ ఈ మూడింటి మధ్య గీత అలాగే ఉంది. మనుషులెవరూ లేని ఇంట్లో నగలు పోతే దాన్ని దోపిడీ అనడం తప్పు. అక్యూజ్డ్, కన్విక్ట్ అనే మాటలకు నిందితుడు, దోషి అని తెలుగులో చక్కని మాటలుండగా, అరెస్టయిన రోజే మనిషిని దోషిని చేసే రాతలు మరింత అన్యాయం. ఆ ఇంటివాళ్లు ఊళ్లో తలెత్తుకు తిరగాలి కదా.

ఇవన్నీ ఒక ఎత్తు, నీళ్ల వార్తలు ఒక ఎత్తు. 'ప్రాజెక్టులో ఇరవై వేల క్యూసెక్కుల నీరు నిల్వ ఉంది' అనే వాక్యానికి అర్థమే లేదు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అది నిల్వకు కొలత. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అది ప్రవాహానికి కొలత. 11,574 క్యూసెక్కుల ప్రవాహం 24 గంటలపాటు తగ్గకుండా సాగితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ లెక్కన 26.85 టీఎంసీల గండికోట జలాశయం పూర్తిగా ఖాళీగా ఉంటే, పది వేల క్యూసెక్కుల చొప్పున నింపడానికి నెలరోజులు పడుతుంది. అందువల్ల 'పది వేల క్యూసెక్కులు వచ్చాయి' అని రాసి, ఎన్ని గంటలు వచ్చాయో రాయకపోతే, ఆయకట్టు రైతు తన పైరుకు తడి అందుతుందో లేదో తేల్చుకోలేడు. 2021 నవంబరు 19న తెగిపోయిన అన్నమయ్య ప్రాజెక్టును టీఎంసీల్లో చూస్తే చిన్నదే, దాని నిల్వ రెండు టీఎంసీలకు కాస్త పైన. చెయ్యేరులో ఆ రోజు వచ్చిన వరద గేట్లు వదలగలిగిన దానికి మించిపోయింది, మట్టికట్ట తెగింది, పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మునిగాయి. కట్ట కింద ఊళ్లవారికి ఆ రాత్రి తెలియవలసిన అంకె క్యూసెక్కులది.

వెదర్, క్లైమేట్ రెండింటినీ వాతావరణం అనేయడం కూడా ఇలాంటిదే. రేపటి వాన వెదర్. ఒక ప్రాంతంలో సాధారణంగా ముప్పై ఏళ్ల లెక్కలు తీసి చూసే తీరు క్లైమేట్. బడి పుస్తకాల్లో దీనికి శీతోష్ణస్థితి అనే మాట ఉంది. ఒక ఏడాది అనంతపురం చెరువులు నిండినంత మాత్రాన ఆ జిల్లా శీతోష్ణస్థితి మారినట్టు రాయకూడదు.

ఈ పనికి దారి చూపినవారు మా ఊళ్లోనే ఉన్నారు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, 1850 దశకంలో అచ్చయిన తమ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో మాట పక్కన అర్థం రాసి ఊరుకోలేదు. పద్యపాదాలు, వాడుకలోని ప్రయోగాలు ఉదాహరించి ఆ మాట నడిచే తీరు చూపారు. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట ఉన్న భాషా పరిశోధన కేంద్రానికి వెళ్లేవారు ఆ పుటలు ఒక్కసారి తిరగేస్తే నేను అడుగుతున్నదేమిటో తెలుస్తుంది.

వారానికి ఇరవై జంటలు వేసే బదులు, ఆ వారం వార్తల్లో వచ్చిన ఒకే ఒక్క జంటను ఎంచుకుని, ఒక మాట పొసగి రెండోది పొసగని వాక్యాలు నాలుగు ఇవ్వండి. వార్తలో తప్పు మాట పడితే మర్నాడు సవరణ వేయండి. శ్రీశైలం నిండి పోతిరెడ్డిపాడు నుంచి నీళ్లు వదిలే రోజుల్లో క్యూసెక్కు, టీఎంసీలతోనే ఈ శీర్షిక మొదలుపెట్టవచ్చు. ఎన్ని క్యూసెక్కులు, ఎన్ని గంటలు, నిల్వ ఎన్ని టీఎంసీలు అనే మూడు అంకెలనూ సీమ జిల్లాల సంచికల్లో పక్కపక్కనే వేస్తే, పిల్లలకు పాఠమూ రైతులకు లెక్కా ఒకేచోట దొరుకుతాయి.

ఇట్లు,
ఒక ఇంగ్లీషు అధ్యాపకుడు,
కడప.