140వ స్థానం గురించి, చిన్నూకి

చిన్నూ,

నిన్న ఫోన్‌లో ఊఁ కొట్టడం తప్ప నువ్వు మాట్లాడిందేమీ లేదు. మీ సైకిల్ టీమ్‌వాళ్ళు వచ్చే సీజన్‌కి కాంట్రాక్టు ఇస్తామన్నారట, కానీ లీడర్‌గా కాదు, వేరే కుర్రాడి కోసం తొక్కాలన్నారట, అదీ నీ బాధ అని తర్వాత మీ నాన్న చెప్తే తెలిసింది. ఫోన్‌లో చెప్పబోతే "సరేలే అమ్మా" అని మధ్యలో పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

నీ రేసు అయిన ప్రతిసారీ అమ్మమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసి అడిగేది ఒక్కటే, "మనవాడు ఎన్నోవాడే?" అని. ముప్పయ్యోవాడు అంటే నన్ను ఓదార్చడం మొదలుపెడుతుంది పాపం. మనవాళ్ళకి ఎంసెట్ అయినా సైకిలైనా ర్యాంకే కదా. నువ్వు పుట్టింది కార్డిఫ్‌లో, ఇప్పుడుంటున్నది బెల్జియంలో, అయినా నిన్న నీ గొంతులో అమ్మమ్మే వినిపించింది నాకు.

నీ గదిలో మన కార్డిఫ్ సైక్లిస్టు గెరాంట్ థామస్ పోస్టరు ఇంకా అలాగే ఉంది. పసుపు జెర్సీలో ఉన్నది. నువ్వు తొక్కిన మైండీ ట్రాక్ మీదే అతనూ నేర్చుకున్నాడని నీకు ఎనిమిదేళ్ళప్పుడే తెలుసు, ఆ కంచె బయట వానలో నిలబడ్డ అమ్మల్లో నేనూ ఉన్నాను కాబట్టి నాకూ బాగానే తెలుసు. అయితే ఆ పోస్టరు 2018ది. 2007లో అతను మొదటిసారి టూర్ ద ఫ్రాన్స్, ఆ మూడు వారాల రేసు, తొక్కినప్పుడు ఎవరూ పోస్టర్లు వెయ్యలేదు. ఆ ఏడు టూర్ లండన్‌లో మొదలైంది, రేసులో అందరికంటే చిన్నవాడు ఇతనే, 21 ఏళ్ళు. చివరిదాకా మిగిలినవాళ్ళు 141 మంది అయితే ఇతను 140వవాడు. అమ్మమ్మకి ఈ లెక్క చెప్తే ఆ అబ్బాయిని వెంటనే బీటెక్‌లో చేర్పించమంటుంది.

ఆ మరుసటి ఏడు బీజింగ్‌లో ఇతనికి ఒలింపిక్ స్వర్ణం వచ్చింది, టీమ్ పర్స్యూట్‌లో. విగిన్స్, క్లాన్సీ, మానింగ్, ఇతను. నాలుగు కిలోమీటర్లు, 250 మీటర్ల ట్రాక్ మీద పదహారు రౌండ్లు, బ్రేకుల్లేని సైకిళ్ళు. ముందున్నవాడు గాలిని చీల్చి, తన వంతు అవగానే గట్టు మీదకి ఎక్కి, మిగతా ముగ్గురూ కింద నుంచి వెళ్ళిపోయాక వెనక చేరతాడు. టైము లెక్కేసేది మూడోవాడి ముందు చక్రం గీత దాటినప్పుడు. అంటే నాలుగోవాడు తనకున్నదంతా మధ్యలోనే ఖర్చుపెట్టేసి పక్కకి తప్పుకున్నా ఫరవాలేదు, మెడల్ అతనికీ వస్తుంది. ఇది నువ్వే నాకు డైనింగ్ టేబుల్ మీద నాలుగు చెంచాలు పెట్టి నేర్పావు. మరి ట్రాక్ మీద నువ్వు ఎప్పుడూ "నా పేరు ఎక్కడ" అని అడగలేదే, రోడ్డు మీదకి వెళ్ళేసరికి ఎందుకు అడుగుతున్నావు?

2012లో లండన్ ఒలింపిక్స్‌లో మళ్ళీ స్వర్ణం, ప్రపంచ రికార్డుతో. కానీ దాని మీద దృష్టి పెట్టాలని ఆ ఏడు టూర్‌కే వెళ్ళలేదు, విగిన్స్ బ్రిటన్‌కి మొదటి టూర్ గెలిచిపెట్టినప్పుడు ఆ జట్టులో ఇతను లేడు. అక్కడి నుంచి రోడ్డే లోకం. జట్టు లీడర్ క్రిస్ ఫ్రూమ్ కోసం గాలిని కాయడం, అంటే ముందు తొక్కుతూ అతనికి గాలి తగలకుండా చూడటం, కొండ ఎక్కేటప్పుడు వేగం పెట్టడం, తన వంతు అయ్యాక వెనకబడిపోవడం. 2013లో మొదటిరోజే కోర్సికాలో పడి కటి ఎముక విరిగింది, అయినా మూడు వారాలూ తొక్కి పారిస్ చేరాడు. ఫ్రూమ్ గెలిచాడు. ఇందులో నాకు గొప్పతనం ఏమీ కనిపించదురా, విరిగిన కటితో మంచం మీద ఉన్నవాళ్ళని మా ఆర్థో వార్డులో రోజూ చూస్తాను, నా చేతిలో ఉంటే ఆ డాక్టర్‌కి నాలుగు చివాట్లు పెట్టేదాన్ని. నువ్వు మాత్రం అలాంటి పని చేస్తే నేను ఫెర్రీ ఎక్కి వచ్చి మరీ దింపుతాను.

పడటం గురించి మొదలుపెట్టానంటే ఆపలేను, అతని కెరీర్ చదివితే మా వార్డు రిజిస్టరు చదివినట్టే ఉంటుంది. 2005లో సిడ్నీలో ప్రాక్టీసు చేస్తూ పడితే ప్లీహం తీసేయాల్సి వచ్చింది. అది లేనివాళ్ళు ఇన్ఫెక్షన్ల విషయంలో జీవితాంతం జాగ్రత్తగా ఉండాలి, టీకాలు వేయించుకుంటూ ఉండాలి. 2015 టూర్‌లో దిగుడు మీద ఇంకొకరు తగిలి స్తంభానికి కొట్టుకుని పక్కనున్న గుంతలోకి పోయాడు, లేచి మళ్ళీ తొక్కాడు, నీ పేరేంటని డాక్టర్ అడిగితే క్రిస్ ఫ్రూమ్ అన్నానని తర్వాత నవ్వుతూ చెప్పాడు. 2017 టూర్‌లో కాలర్ బోన్. 2020లో ఇటలీ రేసు జీరో ద ఇటాలియాలో ఒకరోజు, ఆ రోజు రేసు అసలు మొదలవ్వకముందే రోడ్డు మీద దొర్లుతున్న నీళ్ళ సీసా మీదకెక్కి పడితే మళ్ళీ కటి. బాటిల్ చూసుకుని తొక్కు అని నేను అన్నప్పుడల్లా నువ్వు నవ్వేవాడివి కదా, అదీ కారణం.

ఇక 2018. జూన్‌లో, టూర్‌కి ముందు జరిగే డోఫినే రేసు గెలిచి వచ్చాడు, అయినా జట్టుకి పెద్ద దిక్కు నాలుగు టూర్లు గెలిచిన ఫ్రూమే. లా రొజియేర్ కొండ మీద ఆ రోజు రేసు గెలిచి, మొత్తం మీద ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ తొడుక్కున్నాడు, మర్నాడు అదే జెర్సీలో ఆల్ప్ డ్యూయెజ్ కొండ మీద కూడా గెలిచాడు. మూడోవారంలో ఫ్రూమ్ కాళ్ళు సహకరించకపోయేసరికి జట్టు మొత్తం ఇతని వెనక నిలబడింది. రెండోవాడు డుమొలాన్ మీద 1 నిమిషం 51 సెకన్ల తేడాతో గెలుపు, ఫ్రూమ్ మూడోవాడు. అప్పటికి ఇతనికి 32 ఏళ్ళు. ఆ ట్రోఫీని తర్వాత బర్మింగ్‌హామ్‌లో ఎవరో ఎత్తుకుపోయారు, అది వేరే కథ.

ఇదంతా చదివి "ఓపిక పడితే నేనూ గెలుస్తాను" అనుకోకు. చాలామంది గెలవరు. అతని కోసం బాటిళ్ళు మోసినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమందికి చివరిదాకా అదే ఉద్యోగం, జీతం తీసుకుని, గౌరవంగా చేసి, రిటైర్ అయిపోయారు. అలా అయితే నీకు సమ్మతమేనా అన్నదే నేను అడిగేది. అది చిన్న పని అనుకుంటూ మాత్రం చెయ్యకు, మొహం మాడ్చుకుని ఇంకొకడికి గాలి కాయడం ఇద్దరికీ నష్టం. సమ్మతం కాకపోతే వచ్చెయ్, యూనివర్సిటీ ఎక్కడికీ పోదు, మేమేమీ అనం.

2023 జీరో ద ఇటాలియా చివర్లో ఏం జరిగిందో గుర్తుందా, మనం ముగ్గురం సోఫాలో కూర్చుని చూశాం. 37 ఏళ్ళ వయసులో రోగ్లిచ్ మీద 26 సెకన్ల ఆధిక్యంతో మోంటె లుస్సారి కొండ మీద టైమ్ ట్రయల్‌కి, అంటే ఒక్కొక్కరే టైముతో పోటీపడే రోజుకి, దిగాడు. మధ్యలో రోగ్లిచ్ చెయిన్ ఊడింది కూడా, మీ నాన్న లేచి గంతేశారు. అయినా రోగ్లిచ్‌దే పైచేయి అయింది, మూడు వారాల రేసు 14 సెకన్లతో పోయింది. నేనైతే మర్నాడు గదిలోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. అతను రోమ్‌లో చివరి కిలోమీటర్లలో ముందుకొచ్చి కావెండిష్‌కి గాలి కాశాడు. కావెండిష్ వేరే టీమ్, కుర్రప్పటి నుంచి స్నేహితుడు, ఆ ఏడుతో మానేస్తానని అప్పుడే ప్రకటించాడు. అతనే గెలిచాడు. దానికి థామస్‌కి ఎవరూ జీతం ఇవ్వలేదు. 140వవాడిగా వచ్చినప్పటి నుంచీ చేస్తున్న పనిని అతను ఇష్టంగానే చేశాడని నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే.

సరే, కాంట్రాక్టు. సంతకం పెట్టేముందు పీడీఎఫ్ మీ నాన్నకి పంపు. ఏ రేసుల్లో నిన్ను నీ కోసం తొక్కనిస్తారో నోటిమాటగా కాదు, మెయిల్‌లో రాయించుకో, ఒక చిన్న రేసైనా ఫరవాలేదు. చలికాలం ట్రాక్ మీదకి వెళ్ళనిస్తారో లేదో అడుగు, ఒలింపిక్ ఆశ ఇంకా ఉంటే దాన్ని ఇప్పుడే వదిలెయ్యకు. పడితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, జీతం ఎన్నాళ్ళు ఇస్తారు, ఈ రెండూ లేకపోతే నేనే వాళ్ళ మేనేజర్‌తో మాట్లాడతాను, నువ్వు సిగ్గుపడినా సరే. అమ్మమ్మకి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను.

గోంగూర పచ్చడి సీసా ఈసారి పోస్టులో పంపడం లేదు, కస్టమ్స్‌లో ఆపేస్తున్నారు. పాపారావు బాబాయి వాళ్ళు బ్రసెల్స్ వస్తున్నారు, వాళ్ళతో పంపుతా.

అమ్మ