రాకెట్ కిట్లు ఇంటికొచ్చాయి, జిగురు పని మాత్రం పిల్లలదే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన ఆదివారం తెలుగు క్లాసు అయ్యాక పిల్లలకి రాకెట్ కిట్లు ఇచ్చి పంపించాం, చాలామంది కారు ఎక్కకముందే ప్యాకెట్ చించేశారు, ఫర్వాలేదు. ఉగాది పిక్నిక్‌లో ఎగరేయాలి కాబట్టి కొన్ని విషయాలు ముందే చెప్తున్నాను. మొదటిది నాన్నలకి: కట్టాల్సింది పిల్లలు. మీరు బ్లేడుతో కోసే పని చేసిపెట్టి పక్కన కూర్చోండి, చాలు.

ఉన్నదల్లా ఒక అట్ట గొట్టం, ప్లాస్టిక్ ముక్కు, తేలికైన బాల్సా చెక్కతో చేసిన మూడు రెక్కలు, మోటారు (మందు కూరిన చిన్న గొట్టం, రాకెట్‌ని పైకి తోసేది ఇదే) పట్టే చిన్న అమరిక, పారాచూట్. కష్టమంతా రెక్కల దగ్గరే. తారాజువ్వకి పుల్ల ఎందుకో దీనికి రెక్కలు అందుకే, అవి వంకరగా అతికితే పైకి పోవాల్సింది మెలికలు తిరిగి ఎటో పోతుంది. కాగితం పట్టీని గొట్టానికి చుట్టి మూడు గుర్తులు పెట్టించండి. ఇక గీతలకి స్కేలు వాడితే గుండ్రటి గొట్టం మీద జారిపోతుంది, అందుకని గొట్టాన్ని తలుపు ఫ్రేమ్ మూలకి ఆనించి, ఫ్రేమ్ అంచు వెంబడే పెన్సిల్ లాగమనండి, తిన్నగా వస్తుంది.

జిగురు విషయంలో తొందర వద్దు. రెక్క అంచుకీ గీత మీదా తెల్ల జిగురు పల్చగా రాసి కాసేపు ఆరనిచ్చి, మళ్లీ కొంచెం రాసి, అప్పుడు ఒక నిమిషం కదలకుండా పట్టుకుంటే గట్టిగా పట్టేస్తుంది. సూపర్ గ్లూ వద్దు, వంకరైతే సర్దుకునే టైమే ఇవ్వదు, ముందు వేళ్లు అతుక్కుంటాయి. రెక్క విరిగి కొత్తది కోయాల్సి వస్తే చెక్కలోని చారలు రెక్క ముందు అంచు వెంబడి బయటికి పోయేలా చూసుకోండి, గొట్టానికి సమాంతరంగా ఉంటే నేలకి తగలగానే పుటుక్కుమంటుంది.

మోటార్లు మా దగ్గరే ఉంటాయి, దయచేసి మీరు కొనొద్దు. మనం వాడేది A8-3. 8 అంటే సగటు తోపుడు బలం 8 న్యూటన్లు, 3 అంటే మంట ఆగాక 3 సెకన్లకి లోపలి చిన్న మందు పేలి పారాచూట్‌ని బయటికి నెడుతుంది. పెద్ద మోటారు పెడదామా అని అడిగేవాళ్లు ప్రతిసారీ ఉంటారు (పిల్లలు కాదు!). పేరులో మొదటి అక్షరం A నుంచి B, B నుంచి C అని మారినప్పుడల్లా శక్తి రెట్టింపవుతుంది, A మోటారుకి 100 అడుగుల మైదానం సరిపోతే C మోటారుకి 400 కావాలి, మనకి దొరికే పార్కులో అంత చోటు లేదు. అన్నట్టు, వేసవిలో ఇండియా వెళ్తూ మేనల్లుళ్లకి కిట్లు పట్టుకెళ్లేవాళ్లు మోటార్లు మాత్రం సూట్‌కేసులో పెట్టకండి, చెక్-ఇన్‌లో గానీ చేతి సంచిలో గానీ విమానంలోకి రానివ్వరు.

మైదానంలో ఎగరేసే ముందు మోటారు పెట్టి, బరువు సమంగా తూగే చోట దారం కట్టి ప్రతి రాకెట్‌నీ గిరగిరా తిప్పి చూస్తాం. ముక్కు ముందుకి పెట్టి తిరిగితే సరే, లేదంటే ముక్కులో కాస్త బంకమట్టి. మోటారుని వెలిగించే బటన్ నొక్కేది పిల్లలే, 15 అడుగుల దూరం నుంచి. నొక్కాక వెలగకపోతే బటన్ పెట్టెలోంచి సేఫ్టీ తాళంచెవి బయటికి తీసేసి 60 సెకన్లు ఆగాలి, ఎవరూ దగ్గరికి పరిగెత్తకూడదు, తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ మీరే పట్టుకోవాలి.

గాలి గంటకి 20 మైళ్లు దాటినా, కౌంటీలో బర్న్ బ్యాన్ (ఆరుబయట మంట పెట్టకూడదనే ఆంక్ష) పెట్టినా ఆ రోజు లాంచ్ ఉండదు, టెక్సాస్ వసంతం సంగతి మీకు తెలిసిందే. పులిహోర ఎలాగూ ఉంటుంది.

ఇంకొకటి, చెట్టెక్కి కూర్చున్న రాకెట్ కోసం ఎవరూ ఎక్కొద్దు, కరెంటు తీగలకి చిక్కుకుంటే అది అక్కడే ఉండిపోతుంది. ఈ మాట ఇంట్లోనే చెప్పి తీసుకురండి, అక్కడికొచ్చాక చెప్తే ఏడుపులు ఆపడం మావల్ల కాదు.

ఇట్లు,
మీ ప్రిన్సిపాల్