జిల్లాలో జిల్లాల చిక్కు విప్పినవాళ్లకి

మొన్న ఆదివారం ఆర్టీషియాలో మనవాళ్ల ముందు లాస్ ఏంజెలెస్ కౌంటీ ఓటింగు హద్దుల కథ అరగంట తడుముకోకుండా చెప్పానంటే, అందులో నా గొప్ప పావలా వంతు కూడా లేదు. మిగతా ముప్పావలా ఎవరిదో చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

మొదటి దండం మా మామగారికి. గుంటూరు నుంచి వచ్చి నెలైంది. నేను రాసుకున్న మొదటి కాగితం చూసి, "కౌంటీ అన్నా జిల్లాయే, డిస్ట్రిక్ట్ అన్నా జిల్లాయే. జిల్లాలో జిల్లాలేంటయ్యా?" అన్నారు. ఆ రాత్రే కూర్చుని అన్నిచోట్లా ‘సూపర్‌వైజర్ నియోజకవర్గం’ అని మార్చాను. సూపర్‌వైజర్లంటే కౌంటీని నడిపే బోర్డుకి జనం ఎన్నుకునే సభ్యులు. "అంటే మన జడ్పీటీసీలన్నమాట" అన్నారు. కాదు మామయ్యగారూ, ఇక్కడ కోటి మందికి ఐదుగురే. ఒక్కొక్కరి కింద ఇరవై లక్షలు, మన ఎంపీ సీటంత!

ఆ ఐదు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించింది మా లైబ్రరీలో పనిచేసే అమ్మాయి. 1852లో బోర్డు పెట్టినప్పుడూ ఐదుగురే. 1850 లెక్కల్లో కౌంటీ జనం 3,530. ఊళ్లు పెరిగినా, 1912లో సొంత చార్టర్, అంటే కౌంటీ పాలనకి మూల నియమావళి, రాసుకున్నా, ఆ అంకె కదల్లేదు. పెంచుదామంటే 1992లో, మళ్లీ 2000లో ఓటర్లే వద్దన్నారు.

అసలు రుణం మాత్రం పక్కింటి పెద్దావిడది. 1981లో గీసిన హద్దుల్ని కోర్టు కొట్టేసింది జనాభా లెక్క కుదరక అని రాసుకున్నాను. ఆవిడకి చదివి వినిపిస్తే తల అడ్డంగా ఊపి, లోపలికెళ్లి మడతల దగ్గర చిరిగిన పాత మ్యాపు తెచ్చి వంటింటి బల్ల మీద పరిచింది. తూర్పు లాస్ ఏంజెలెస్ నుంచి శాన్ గాబ్రియేల్ వ్యాలీ దాకా చూపుడువేలు జరుపుతూ, "ఇదంతా మావాళ్లే. చూడు, గీత ఎక్కడ పడిందో" అంది. ఆ హద్దుల మీద నడిచిన గార్జా కేసులో 1990లో జడ్జి తేల్చిందీ అదే: సూపర్‌వైజర్లు తమ కుర్చీలు కాపాడుకోడానికి లాటినోల, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల, ఓట్లను కావాలని ముక్కలు చేశారు. కొత్త హద్దులతో 1991లో గ్లోరియా మొలీనా గెలిచారు, ఆ బోర్డులో మొదటి లాటినో మహిళ. ఆ ఓటు తనూ వేశానని చెబుతున్నప్పుడు ఆవిడ వేలు మ్యాపు మీద నుంచి తీయలేదు. నా కాగితంలో ఆ పేరా మొత్తం కొట్టేశాను.

ఇప్పుడు గీతలు గీసేది సూపర్‌వైజర్లు కాదు, 14 మంది పౌరుల కమిషన్. అరవై మంది జాబితా లోంచి మొదటి ఎనిమిది మందినీ లాటరీలో తీస్తారు, మిగతా ఆరుగుర్ని ఆ ఎనిమిది మందే ఎంచుకుంటారు. ఈ ముక్క చెప్పగానే హాల్లో వెనక వరస నుంచి "మన దగ్గర కూడా పెడితే పోలా!" అని ఒక గొంతు. వారికీ థాంక్సండీ, అప్పటిదాకా సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. 2024 నవంబరులో ఓటర్ల ముందు పెట్టిన ‘మెజర్ జీ’ అనే ప్రతిపాదన గెలిచి, ఐదు కాస్తా 2032కి తొమ్మిది కాబోతోందన్నాక ప్రశ్నలు ఆగలేదు.

కౌంటీ ఓటింగు సామగ్రి ఇచ్చే భాషల్లో తెలుగూ ఉంది. ఆ తెలుగు కాగితాలు తెచ్చి అందరికీ పంచిన తమ్ముడికి ప్రత్యేకంగా నా కృతజ్ఞతలు.

పెద్దావిడ మ్యాపు ఇంకా నా దగ్గరే ఉంది. శనివారం తిరిగిచ్చేస్తాను. ఉత్త చేతులతో ఎలా వెళ్తావని మా ఆవిడ సున్నుండలు చుడుతోంది.